పితూరీ అనే మాట వెనుక మన మన్యం

"పితూరీ" అనే మాట తెలుగులో రెండు అర్థాలతో నడుస్తోంది. హాస్టల్లో ఒక పాప ఇంకో పాప మీద చెప్పడానికి వస్తే "ఊరికే పితూరీలు చెప్పకమ్మా" అంటాం. అక్కడ పితూరీ అంటే ఫిర్యాదు. చరిత్ర పుస్తకం తెరిస్తే "రంప పితూరీ", "గూడెం పితూరీ" అని కనిపిస్తుంది. అక్కడ పితూరీ అంటే తిరుగుబాటు. ఉర్దూ నుంచి వచ్చిన ఈ మాటను తెల్లదొరల సర్కారు మన్యంలో జరిగిన ఎదిరింపులన్నిటికీ పేరుగా పెట్టుకుంది. 1839 నుంచి 1924 వరకు గోదావరి, విశాఖ మన్యాల్లో ఇలాంటి పితూరీలు ఎన్నో జరిగాయి.

మన చరిత్రలో ఈ రెండు అర్థాలూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ముందు మన పెద్దలు మొర పెట్టుకున్నారు. వినేవాళ్లు లేకపోయారు. ఆ తరువాత తిరగబడ్డారు. తిరుగుబాటును అణచివేశాక సర్కారు విచారణ జరిపి, మొదట చెప్పిన మొర నిజమేనని తేల్చుకుని, ఏదో ఒక చట్టమో సవరణో తెచ్చింది. మొదటి మెట్టు, చివరి మెట్టు వదిలేసి మధ్యలో ఉన్న తుపాకులు, బాణాలు మాత్రమే మన పిల్లలకు చెబుతున్నాం. అందుకే వాళ్లకు వీరులు తెలుసు కానీ ఆ వీరులు ఏం అడిగారో తెలియదు. ఈ ప్రత్యేక సంచికలో ఆ అడిగిన సంగతుల గురించే నాలుగు మాటలు రాస్తున్నాం.

చెట్టు కల్లుకు పన్ను

రంపచోడవరం చుట్టుపక్కల కొండల సీమను పాత రోజుల్లో రంప దేశం అనేవారు. ఆ సీమ మీద ఒక మన్సబుదారు ఉండేవాడు. 1813లో కంపెనీ సర్కారు అతని హక్కులను గుర్తించింది. అతని కింద ముఠాదారులు, ముఠాదారుల కింద రైతులు. కాలం గడిచేకొద్దీ మన్సబుదారు కుటుంబం ముఠాలను తన చేతిలోకి లాక్కోవడం, కొత్త కొత్త వసూళ్లు పెట్టడం మొదలైంది. వాటిలో ఒకటి చిగురుపన్ను. అంటే కల్లు గీసుకునే చెట్టు మీద పన్ను.

మైదానంలో ఉన్నవారికి కల్లు మీద పన్ను పెద్ద విషయంగా కనిపించకపోవచ్చు. కొండమీద సంగతి వేరు. గాదెలో గింజలు అడుగంటే ఎండాకాలంలో తాటి కల్లు, జీలుగు కల్లే ఇంటిల్లిపాదికీ ఆధారం. పెళ్లికి, పండుగకి, చావుకి, దేవుడికి కూడా కల్లే కావాలి. ఇంతలో సర్కారు కొత్త ఆబ్కారీ పద్ధతి తెచ్చింది. ఇంటి వాడకానికి కూడా సొంతంగా కల్లు గీసుకోకూడదని చెప్పి, కల్లు హక్కును వేలంలో కాంట్రాక్టర్లకు ఇచ్చింది. కాంట్రాక్టరుకు కట్టాల్సింది కట్టాక, మన్సబుదారు చిగురుపన్ను కూడా విడిగా వసూలు చేశాడు. తాత నాటిన చెట్టుకు మనవడు ఇద్దరు యజమానులకు కప్పం కట్టాల్సి వచ్చింది.

దీనికి తోడు మైదానం నుంచి వచ్చిన షావుకార్లు. వాళ్లు అప్పులిచ్చి, కొండవాళ్లకు అర్థం కాని కాగితాల మీద వేలిముద్రలు వేయించుకుని, దూరాన ఉన్న కోర్టుల్లో దావాలు వేసేవారు. సమన్లు అందినా అందకపోయినా, ప్రతివాది రాలేదని ఏకపక్షంగా డిక్రీలు వచ్చేవి. అయిదు రూపాయల బాకీకి వంద రూపాయల విలువైన సొత్తు, పశువులు తోలుకుపోయిన ఉదంతం సర్కారు వారి జిల్లా గెజిటీరులోనే ఉంది. ఇవన్నీ చూస్తూ ఉండాల్సిన పోలీసులు మన్సబుదారు పక్షాన, షావుకారు పక్షాన నిలబడ్డారు. పైగా ఊరు వచ్చినప్పుడల్లా కోడి, మేక ఉచితంగా పట్టుకుపోయేవారు.

1879 మార్చిలో రంప లేచింది. కారం తమ్మన్నదొర, అంబుల్‌రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య, పులికంట సాంబయ్య వంటి వారు ముందు నిలిచారు. చంద్రయ్య మనుషులు అడ్డతీగల పోలీసు స్టేషన్ తగలబెట్టారు. మంట ఇటు భద్రాచలం వైపుకు, అటు గూడెం కొండలకు పాకింది. మద్రాసు పదాతి దళానికి చెందిన ఆరు రెజిమెంట్లు, అశ్వదళం, సాపర్లు, మైనర్లు, హైదరాబాద్ కంటింజెంటు దళం కూడా వస్తే తప్ప అది అణగలేదు. 1880 ఫిబ్రవరిలో చంద్రయ్య చంపబడ్డాడు. ఆ ఏడాదే తమ్మన్నదొర కూడా పోలీసుల తూటాలకు బలయ్యాడు.

మన పుస్తకాలు ఇక్కడ ఆగిపోతాయి. కానీ అసలు సంగతి ఆ తరువాతే ఉంది. విచారణకు రెవిన్యూ బోర్డు సభ్యుడు సలివన్ అనే అధికారిని పంపారు. మన్సబుదారు అన్యాయాలే దీనికి కారణమని, కింది అధికారులు వాటిని పట్టించుకోలేదని ఆయన తేల్చాడు. మన్సబుదారును తొలగించారు. ముఠాదారులకు సర్కారే నేరుగా సనదులు ఇచ్చింది. చిగురుపన్ను పోయింది. ఇంటి వాడకానికి కల్లు గీసుకోవడానికి అనుమతి వచ్చింది. అంటే, చంద్రయ్య బతికి ఉండగా నేరమైన కోరిక, అతను పోయాక న్యాయమైన కోరిక అయింది.

అప్పు మీద వచ్చిన చట్టం

రంపలో షావుకార్ల మీద చెప్పిన మొరకు జవాబు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూమి బదలాయింపు చట్టం చేసింది. కొండజాతి మనిషి భూమి, ఏజెంటు అనుమతి లేకుండా, కొండజాతికి చెందనివారికి బదలాయిస్తే అది చెల్లదని అందులో రాశారు. కొండజాతివారి అప్పు మీద ఏడాదికి నూటికి 24 మించి వడ్డీ ఇప్పించకూడదు, చక్రవడ్డీ కూడదు, మొత్తం వడ్డీ అసలును మించకూడదు అని కూడా రాశారు.

ఈ మూడు నియమాలనూ అయిదు రూపాయల బాకీ కథ పక్కన పెట్టి చదవాలి. చట్టం ఎవరి కంఠం నుంచి పుట్టిందో తెలుస్తుంది. మేం పాఠం చెప్పేటప్పుడు కూడా ఇలాగే చెబుతాం. చట్టం సెక్షన్ నంబరుతో మొదలుపెడితే పిల్లలు ఆవలిస్తారు. "ఒకాయన అయిదు రూపాయలు అప్పు చేశాడు" అని మొదలుపెడితే ఒక్కరూ కదలరు. ఎందుకంటే అలాంటి కథ చాలామంది ఇళ్లలో ఉంది.

ఇదే కాలంలో ఇంకో చట్టం మన్యం మీద బరువుగా పడింది. అది 1882 మద్రాసు అటవీ చట్టం. అడవిని రిజర్వు చేశారు. పోడుకు హద్దులు గీశారు. తరతరాలుగా మేత మేసిన చోట పశువు అడుగు పెడితే జరిమానా. కట్టె తెచ్చుకుంటే కేసు. ఈ మొర మాత్రం ఎవరూ వినలేదు. దాని ఫలితం 1922లో కనిపించింది.

గూడెం, 1922

గూడెం తాలూకా డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు వేయించాడు. కొండవాళ్లను బలవంతాన పనికి తెప్పించి, సరైన కూలి ఇవ్వకుండా కష్టపెట్టాడన్నది ఆ రోజుల్లో మన్యమంతా తెలిసిన సంగతి. పోడు పోయినవాళ్లు, కూలి అందనివాళ్లు, ముఠా హక్కులు కోల్పోయినవాళ్లు అందరూ ఒక్కచోట చేరారు. వారికి అల్లూరి సీతారామరాజు నాయకుడయ్యాడు. బట్టిపనుకుల గ్రామానికి చెందిన అన్నదమ్ములు గాం గంటందొర, గాం మల్లుదొర ఆయనకు కుడి, ఎడమ భుజాలుగా నిలిచారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు తీసుకుపోయారు. తీసుకున్న ఆయుధాల లెక్క స్టేషన్ రికార్డులో రాసి సంతకం పెట్టి వెళ్లడం అందరికీ తెలిసిన కథే. మేం దాన్ని ధైర్యానికి గుర్తుగానే చెప్పం. అధికారం కాగితం మీద నడుస్తుందని, ఆ కాగితం మీద మన వైపు మాట కూడా ఉండాలని రాజుకు తెలుసు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులు చనిపోయారు. ఆ తరువాత మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ దిగాయి. తిరుగుబాటుదారులకు అన్నం పెట్టారన్న అనుమానం మీద ఊళ్లు ఊళ్లే కష్టాలు పడ్డాయి. 1924 మే 7న రాజును పట్టుకుని కొయ్యూరు దగ్గర కాల్చి చంపారు. జూన్‌లో గంటందొర కూడా నేలకొరిగాడు.

ఈసారి మొరకు జవాబుగా చట్టం వెంటనే రాలేదు. అడవి మీద హక్కును మన దేశ పార్లమెంటు గుర్తించడానికి 2006 వరకు ఆగాల్సి వచ్చింది. అటవీ హక్కుల చట్టం పీఠికలో, అడవిలో తరతరాలుగా ఉన్నవారికి చారిత్రక అన్యాయం జరిగిందని రాశారు. 1882 నుంచి లెక్కేస్తే ఆ ఒక్క మాట ఒప్పుకోవడానికి 124 ఏళ్లు పట్టింది.

పాటల్లో మిగిలినవారు, మిగలనివారు

సీతారామరాజు మీద బుర్రకథలు వచ్చాయి, నాటకాలు వచ్చాయి. 1974లో వచ్చిన సినిమా ఊరూరా ఆడింది. 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. ఇది మనందరికీ గర్వకారణం. మైదానంలో పుట్టిన మనిషి మన కోసం ప్రాణం ఇచ్చాడు. ఆ రుణం తీరేది కాదు.

అయితే ఒక సంగతి ఆలోచించాలి. రాజు గురించి రాసినవారిలో ఎక్కువమంది కొండ బయటివారు. వారికి కొండ ఒక రంగస్థలం. ఆ రంగస్థలం మీద ఒక్క వీరుడు స్పష్టంగా కనిపిస్తాడు, మిగిలినవారు విల్లంబులు పట్టుకున్న గుంపుగా మిగిలిపోతారు. గాం మల్లుదొర సంగతే చూడండి. ఆయన పట్టుబడ్డాడు, శిక్ష పడింది, అండమాన్ వెళ్లాడు. తిరిగి వచ్చాడు. 1952లో తొలి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికై ఢిల్లీ వెళ్లాడు. తెల్లదొరల కాగితంలో నేరస్తుడుగా రాసిన మనిషి స్వతంత్ర భారత పార్లమెంటులో సభ్యుడుగా కూర్చున్నాడు. ఇంత గొప్ప కథ మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. పోలీసు రిపోర్టుల్లో, గెజిటీర్లలో నాయకుల పేర్లు ఉంటాయి, పట్టుబడినవారి పేర్లు ఉంటాయి. దళానికి జావ కాచి ఇచ్చింది ఎవరు? మగవాళ్లు అడవిలో ఉన్న రెండేళ్లు పిల్లల్ని సాకింది, పోడు గట్టు మీద కాపలా ఉన్నది ఎవరు? అలాంటి పేర్లు రాసుకోవడం సర్కారుకు అవసరం లేకపోయింది. మనకు అవసరం.

ఈ విషయంలో మేడారం మనకు మంచి పాఠం. కరువులో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ సైన్యంతో పోరాడిన కోయ తల్లీకూతుళ్లు సమ్మక్క, సారలమ్మ అని మన పెద్దలు చెబుతూ వచ్చారు. ఆ కథను రాజుల శాసనాలు దాచిపెట్టలేదు, జాతర దాచిపెట్టింది. రెండేళ్లకోసారి మాఘమాసంలో జనం అక్కడికి వెళ్లి మొక్కేది రాజ్యాన్ని ఎదిరించిన ఇద్దరు ఆడవాళ్లకే. మన సాహిత్యం అచ్చులో మాత్రమే లేదని, జాతరలో, డోలు మీద, పెళ్లి పాటలో కూడా ఉందని గుర్తు చేయడానికే ఈ సంగతి ఎత్తాం.

మనలోని అధికారం

అధికారం బయటినుంచి మాత్రమే వస్తుందని అనుకుంటే మన చరిత్రను సగమే చదివినట్టు. పితూరీల్లో ముందు నిలిచిన ముఠాదారులు కూడా రైతు మీద అధికారం ఉన్నవాళ్లే. రైతు పన్ను కట్టేది వారికే, వెట్టి చేసేది వారికే. రంపలో మన్సబుదారు పోయాక ముఠాదారు స్థానం గట్టిపడింది, రైతుకు పట్టా మాత్రం రాలేదు. ముఠాలను రద్దు చేసి రైత్వారీ పద్ధతిలోకి మార్చే రెగ్యులేషన్ 1969లో గానీ రాలేదు. మన్సబుదారును ఎదిరించిన తొంభై ఏళ్లకు!

ఇది మన పెద్దల్ని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ఎదిరింపు ఒక్కసారితో అయిపోదని చెప్పడానికే. ఈరోజు గ్రామసభలో మాట్లాడే హక్కు చట్టప్రకారం ప్రతి ఓటరుకూ ఉంది. కానీ కుల పెద్దల ముందు కోడలు నోరు విప్పగలదా? చదువుకున్న ఉద్యోగి ముందు చదువు రాని రైతు తన మాట చెప్పగలడా? పితూరీ వారసులమని చెప్పుకునే మనం ఈ ప్రశ్నలు కూడా వేసుకోవాలి.

స్వాతంత్య్రం తరువాత

రాజ్యాంగంలో అయిదో షెడ్యూలు వచ్చింది. 1959లో ఆంధ్ర ప్రాంతపు షెడ్యూల్డ్ ప్రాంతాలకు భూ బదలాయింపు నిబంధనలు వచ్చాయి. అయినా భూములు చేతులు మారుతూనే ఉన్నాయి. శ్రీకాకుళం మన్యంలో 1960ల్లో కూలి రేట్లు, తాకట్టులో పోయిన భూములు, అటవీ సిబ్బంది మామూళ్లు, ఈ మూడింటి మీద గిరిజన సంఘం పనిచేసింది. ఆ సంఘాన్ని నడిపిన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర సభకు వెళ్తున్న గిరిజనుల మీద భూస్వాముల వైపువారు కాల్పులు జరిపితే ఇద్దరు చనిపోయారు. ఆ తరువాత అది సాయుధ పోరాటమైంది. ఎందరో చనిపోయారు. ఆ దారి గురించి ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. కానీ తేదీ చూడండి. ఆ పోరాటం సాగుతుండగానే, 1970 ఫిబ్రవరి 3న, మనం "వన్ ఆఫ్ సెవెంటీ" అని పిలిచే రెగ్యులేషన్ అమల్లోకి వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, వేరే రుజువు చూపేదాకా, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే భావించాలని అందులో ఉంది. రుజువు చేసే బరువు బలవంతుడి భుజాల మీద పెట్టిన చట్టం అది.

తుపాకీ లేకుండా గెలిచిన పోరాటం కూడా మన దగ్గరే ఉంది. అనంతగిరి మండలం బొర్రా పంచాయతీలో ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు గనులు లీజుకు ఇచ్చింది. అక్కడివారు, వారితో పనిచేసిన సమతా సంస్థ కోర్టుకెక్కారు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు ఇవ్వకూడదన్న నియమం ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందని, ఆ లీజులు చెల్లవని తేల్చింది. పితూరీ అన్న మాటకు మొదటి అర్థమే, ఫిర్యాదే, ఇక్కడ గెలిచింది.

ఓడిన కేసు కూడా చెప్పుకోవాలి. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000లో జీవో 3 వచ్చింది. పిల్లల భాష తెలిసిన, ఊళ్లోనే ఉండే టీచరు కావాలన్నది దాని ఉద్దేశం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని కొట్టివేసింది. ఒకటో తరగతిలో చేరిన పాపకు టీచరు మాట అర్థం కాక మూల కూర్చోవడం అంటే ఏమిటో, హాస్టళ్లలో ఉన్న మాకు రోజూ కనిపిస్తుంది. ఈ మొర ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది. దీన్ని ఎవరు వింటారు, ఎప్పుడు వింటారు అన్నదే మన ముందున్న ప్రశ్న.

మనం చేయగలిగింది

చరిత్ర మనకు చెబుతున్నది ఒక్కటే. మొర విన్న చోట రక్తం కారలేదు. విననిచోట కారింది, ఆ తరువాత విన్నారు. కాబట్టి వినే చోటును మనం కాపాడుకోవాలి. గ్రామసభ జరిగితే వెళ్లాలి. తీర్మానం చదివి వినిపించమని అడిగి, అర్థమయ్యాకే సంతకం పెట్టాలి. పట్టా, అటవీ హక్కు పత్రం, కోర్టు కాగితం, పన్ను రసీదు ఏది ఉన్నా నకలు తీయించి పెట్టెలో దాచాలి. అర్జీ ఇస్తే అందినట్టు సంతకం తీసుకోవాలి. అయిదు రూపాయల అప్పుకు పశువుల్ని పోగొట్టుకున్నవాడి దగ్గర లేనిది సరిగ్గా ఆ కాగితమే.

రెండో పని, పేర్లు. సంఘం సభ్యులకు, చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా విన్నపం ఇది. సెలవులకు ఊరు వెళ్లినప్పుడు తాతమ్మల దగ్గర కూర్చోండి. ఫలానా ఏట సైన్యం వచ్చినప్పుడు మన ఊళ్లో ఎవరిల్లు కాలింది, ఎవరు జైలుకెళ్లారు, ఎవరు అన్నం పెట్టారు, ఏ పాట పాడుకునేవారు అని అడగండి. వాళ్ల భాషలోనే సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి, నోటుబుక్కులో రాసుకోండి. మన సంఘం వచ్చే సంచికలో వాటికి చోటు ఇస్తుందని ఆశిస్తున్నాం.

ఇక మా వంతు. రేపు ఒక పాప వచ్చి "మేడమ్, అన్నం ఉడకలేదు" అనో, "మా టీచరు మాట నాకు అర్థం కావట్లేదు" అనో చెబితే, "పితూరీలు చెప్పకు" అని పంపేయకుండా కూర్చోబెట్టి వినడం నేర్చుకుందాం. అధికారం మన చేతిలో ఉన్నంతసేపు, ఎంత చిన్నదైనా, మన పెద్దలు సర్కారును అడిగింది మనమే ముందు చేసి చూపించాలి.